అరకు దారిలో రెండు బ్యాగులు

విశాఖపట్నం స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మా చెల్లి అప్పటికే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. చెల్లంటే పిన్ని కూతురు. రెండేళ్ల తర్వాత చూసుకుంటున్నాం. అయినా నా చూపు ముందు దాని భుజాన వేలాడుతున్న బ్యాగు మీద పడింది. తేనె రంగు, ముందువైపు ఇత్తడిలా మెరిసే బకిల్, పక్కన చిన్న కుచ్చు. బ్యాగే పెళ్లివారింటికి బయల్దేరినట్టుంది. చెల్లి చూపు కూడా నా మొహం మీద లేదు.

"అక్కా, ఇంకా ఆ గ్యాస్ సిలిండర్నే మోస్తున్నావా?" అంది.

నా సిలిండర్‌కి పదకొండేళ్లు. నల్లటి బ్యాక్‌ప్యాక్. హైదరాబాద్ కోఠిలో కొన్నాను. ఆ రోజుల్లో ఏ కెమెరా షాపుకి వెళ్లినా గోడ నిండా ఇలాంటి నల్లవే వేలాడుతుండేవి. ఆడవాళ్లకి సరిపడేది ఏమైనా ఉందా అని అడిగితే షాపాయన లోపలికెళ్లి అదే బ్యాగుని గులాబీ రంగు గీతతో పట్టుకొచ్చాడు. గీతకి రెండొందలు ఎక్కువ. వద్దని నల్లదే తీసుకున్నాను. అప్పట్నించీ బ్యాగు అందంగా ఉండాలనే మాట వింటే నాకు చిన్నచూపు.

చెల్లి పెళ్లిళ్ల ఫొటోగ్రఫీలోకి దిగి ఏడాదైంది. నెల కిందట పిన్ని ఫోన్ చేసి, "దానికి ఏ బ్యాగు కొనుక్కోవాలో నువ్వైనా చెప్పవే. నెలకొకటి తెప్పించడం, తిప్పి పంపడం. కొరియర్ అబ్బాయి మా ఇంట్లో మనిషైపోయాడు" అని వాపోయింది. నవంబర్ వస్తోంది, అరకులో వలిసె పూలు విరగబూసే రోజులు. బ్యాగుని షాపులో ఖాళీగా చూసి కొనకూడదనీ, నిండుగా సర్దుకుని రెండ్రోజులు తిరిగితేనే దాని గుణం తెలుస్తుందనీ చెల్లికి చెప్పాను. అలా కుదిరింది ఈ ప్రయాణం. పాఠం చెప్పేది నేనే అన్న ధీమాతో బయల్దేరాను.

కిరండూల్ పాసింజర్ ఏడు లోపే కదిలింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన దారి ఇది. ఖనిజం కోసం వేసిన రైలు దారి మన తెలుగువాళ్లకి విహారయాత్ర అయికూర్చుంది. 2017 నుంచి ఈ దారిలో అద్దాల పెట్టె కూడా తగిలించారు. మాకు అందులో టికెట్లు దొరకలేదు. ఒకరకంగా మంచిదే, అద్దంలోంచి తీసే ఫొటోల్లో కొండ కంటే మన నీడే ఎక్కువ పడుతుంది.

కొత్తవలస దాటాక ఇడ్లీ పొట్లాలు విప్పుతూ బరువుల లెక్క తీశాం. నా కెమెరా, సోనీ ఏ7 ఫోర్, 658 గ్రాములు. 24-70 లెన్సు 695, 70-200 లెన్సు 1,045. మూడూ కలిపి రెండు కిలోల నాలుగొందలకి రెండు గ్రాములు తక్కువ. ఖాళీ బ్యాగే దాదాపు రెండు కిలోలు! అంటే సామాను ఎంతో, దాన్ని మోసే సంచీ అంత. చెల్లిది ఫ్యూజీ ఎక్స్-టీ5, 557 గ్రాములు. రెండు చిన్న లెన్సులు, 23 ఎంఎం 180, 50 ఎంఎం 200. మొత్తం కలిపినా కిలో లేదు.

"చూశావా, నీది బ్యాగు సమస్య కాదక్కా, లెన్సుల సమస్య" అంది నోట్లో ఇడ్లీ ఉండగానే.

ఒప్పుకోక తప్పలేదు. చాలామంది బ్యాగు ముందు కొని, అది నిండేదాకా సామాను సర్దుతారు. రోజూ వెంట వచ్చేదేమిటో ముందు మంచం మీద పరుచుకుని, ఒక లెన్సు తీసేసి, మిగిలినదానికి పట్టేంత బ్యాగు చూసుకోవాలి. పెద్ద బ్యాగులో ఖాళీ ఉంటే దాన్ని నింపడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది, అల్మారాలో అడుగు అరలాగా.

మొదటి పరీక్ష శృంగవరపుకోట దాటగానే వచ్చింది. ఫొటోగ్రఫీ పుస్తకాల్లో ఎక్కడా కనపడని పరీక్ష: రైలు బాత్రూం. ఒంటరిగా తిరిగే ఆడ ఫొటోగ్రాఫర్‌కి లక్షలు విలువ చేసే సామాను పక్క సీటువాళ్లకి అప్పగించి వెళ్లే ధైర్యం ఉండదు. లోపలికి తీసుకెళ్తే నేలంతా నీళ్లు. కొక్కెం ఉంటే ఉంది, లేకుంటే లేదు. నేను ఇన్నేళ్లుగా చేస్తున్న విన్యాసం ఏమిటంటే, బ్యాక్‌ప్యాక్‌ని ముందుకు తగిలించుకుని నిండు గర్భిణిలా లోపలికెళ్లి, చుడీదార్ సర్దుకుంటూ, బండి ఊగినప్పుడల్లా గోడని పట్టుకుంటూ బయటపడటం. ఆ రోజు నాకు తోడుంది కాబట్టి బ్యాగు చెల్లి ఒడిలో వదిలి వెళ్లాను. తిరిగొచ్చాక అది వెళ్లింది. దాని బ్యాగు మాత్రం దాంతోనే వెళ్లింది, మెడలో అడ్డంగా వేసుకుంటే పొట్ట మీదకి ఒదిగిపోయింది.

"ఒకటి నాకు" అంది వచ్చి కూర్చుంటూ. అక్కణ్ణించి లెక్క రాసుకోవడం మొదలైంది.

బొడ్డవర దాటాక బండి కొండెక్కుతుంది. ఈ దారిలో 58 సొరంగాలున్నాయంటారు. పెట్టెలో పిల్లలంతా అరుస్తూ లెక్కపెడుతున్నారు. చీకటి, కేకలు, మళ్లీ వెలుతురు. సొరంగానికీ సొరంగానికీ మధ్య లోయ కాసేపు కనిపించి మాయమవుతుంది. ఒక మలుపులో పొగమంచు మీద ఎండ పడి, కింద పొలాలన్నీ పాలు పొంగినట్టు కనిపించాయి. నా బ్యాగు సీటు కింద ఉంది. లాగి, తిప్పి, వీపు వైపు జిప్పు తీసి (దొంగల చేయి పడకుండా ఆ జిప్పు వీపుకి ఆనుకుని ఉంటుంది, దాన్ని చూసి గర్వపడేదాన్ని), లెన్సు మూత ఊడదీసేసరికి మళ్లీ చీకటి. చెల్లి ఒడిలోంచి ఫ్యూజీ తీసి, కొట్టి, మళ్లీ లోపల పెట్టేసుకుంది కూడా.

ఆ చీకట్లోనే నా లెన్సు మూత జారిపడి బ్యాగులో ఎక్కడో దూరింది. నల్ల బ్యాగు, లోపల నల్లటి గుడ్డ, నల్లటి మూత. చేత్తో తడుముతుంటే పాత బిల్లులు, పెన్ను, ఒక యాలక్కాయ దొరికాయి, మూత దొరకలేదు. చెల్లి బ్యాగు లోపలి గుడ్డ మీగడ రంగు. మసక వెలుతురులో కూడా ఏది ఎక్కడుందో తెలుస్తోంది. రెండూ, మూడూ దానికే పోయాయి. పై రంగు ఎవరిష్టం వాళ్లది, లోపలి రంగు మాత్రం లేతగా ఉండాలని నాకు పదకొండేళ్లకి తెలిసింది.

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాం. అక్కడ మొదట స్వాగతం చెప్పేవి కోతులు. ఒకటి నేరుగా నా దగ్గరికే వచ్చింది. బ్యాక్‌ప్యాక్ పక్క అరలో వల గుడ్డ వెనకాల బిస్కెట్ ప్యాకెట్ పెట్టాను, నాకు గుర్తు లేదు గానీ దానికి తెలుసు. నీళ్ల సీసా పడేసి, బిస్కెట్లు లాక్కుని, గోడెక్కి నా వైపు చూస్తూ తినింది. ఆ అరలోనే నెల కిందటిదాకా మెమరీ కార్డుల డబ్బా ఉండేదని తలుచుకుంటే చెమట పట్టింది. బయటి అరల్లో పోతే పోనీ అనుకునేవే ఉండాలి. తిండి అసలు ఉండకూడదు.

గుహలోకి దిగే మెట్లు తడిగా ఉన్నాయి. సముద్ర మట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తున, సున్నపురాయిని నీళ్లు యుగాలుగా తొలిచి చేసిన గుహ. కింద గోస్తనీ నది. పైనుంచి చుక్కలు టప్ టప్‌మని నెత్తిన పడుతుంటాయి. రంగు దీపాల వెలుగులో రాళ్లు శివలింగాలుగా, ఏనుగులుగా, ఎవరికి నచ్చినట్టు వాళ్లకి కనపడతాయి. ఇక్కడ లెక్క తిరగబడింది. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, రెండో చెయ్యి గోడ మీద ఉంచి దిగాల్సిన చోట చెల్లి బ్యాగు వంగినప్పుడల్లా జారి మోకాళ్ల ముందుకి ఊగుతోంది. దాన్ని వెనక్కి తోయడానికి ఒక చెయ్యి కావాలి, చున్నీ సర్దుకోవడానికి ఇంకోటి. నా సిలిండర్ వీపుకి అతుక్కుని కదలకుండా ఉంది. ఇరుకు చోట వెనక వస్తున్న ఒక పెద్దాయన్ని మాత్రం రెండుసార్లు పొడిచింది.

"ఒకటి నాకు" అన్నాను.

పైకి ఎక్కొస్తుంటే చెల్లి కెవ్వుమంది. దాని బ్యాగు పట్టీని పట్టి ఉంచే ఇత్తడి రింగు కుట్టు ఊడొచ్చింది. బ్యాగుని ఎలాగో పొట్టకి అదుముకుంది కాబట్టి కెమెరా బతికిపోయింది. బయట వెలుతురులో చూస్తే రింగు కింద ఒకే ఒక్క వరస కుట్టు, అదీ పై తొడుగుకే. లోపలి గుడ్డదాకా పోలేదు. బకిల్ మెరుపు మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఆ కుట్టు మీద పెట్టలేదు. బ్యాగు కొనేవాళ్లందరం జిప్పు లాగి చూస్తాం, లోపల గదులు లెక్కపెడతాం. పట్టీ ఎక్కడ కలుస్తుందో అక్కడ గట్టిగా గుంజి చూసేవాళ్లని నేను చూడలేదు, నాతో సహా. బరువంతా నిలిచేది ఆ రెండు అంగుళాల మీదే. చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కుట్టుంటే నమ్మొచ్చు.

ఇంకో బండెక్కి అరకు చేరేసరికి సాయంత్రం. మధ్యలో శిమిలిగూడ స్టేషన్ వచ్చినప్పుడు బోర్డు మీద 996 మీటర్లని చదివి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ దారిలో ఇదే అన్నిటికన్నా ఎత్తయిన స్టేషన్. చెల్లి మాత్రం చప్పట్లు కొట్టే స్థితిలో లేదు. తెగిన బ్యాగుని చంటిపిల్లలా ఎత్తుకుని కూర్చుంది.

ఆ రాత్రి గదిలో చలి. దుప్పట్లు కప్పుకుని రెండు బ్యాగులూ మంచం మీద బోర్లించాం. కెమెరాలు, బ్యాటరీలు, కార్డులు పక్కన పెట్టాక మిగిలినవి చూస్తే అసలు కథ అక్కడుంది. దువ్వెన, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, ప్యాడ్లు, నొప్పి మాత్రలు, ఫోను, పర్సు, ఇంటి తాళాలు. మగవాళ్లకి వీటిలో సగం ఉండవు, ఉన్న సగం ప్యాంటు జేబుల్లో పోతాయి. మన కుర్తీలకి జేబులుండవు, ఉన్నా అందులో ఫోను పెడితే గుడ్డ ఒక పక్కకి సాగుతుంది. అందుకే మనం కెమెరా బ్యాగొకటి, హ్యాండ్‌బ్యాగొకటి రెండు వేసుకుని తిరుగుతాం. పెళ్లిలో బ్యాటరీ కోసం చెయ్యి పెడితే ప్యాడ్ బయటికొచ్చిన సంగతి చెల్లి చెప్తే నవ్వలేక చచ్చాను. తర్వాత ఇద్దరం ఒక తీర్మానానికొచ్చాం: కెమెరా వైపు జిప్పుకీ, సొంత సామాను వైపు జిప్పుకీ సంబంధం ఉండకూడదు, రెండిటికీ వేర్వేరు తలుపులుండాలి.

ఇంకో సంగతి కూడా చెప్పింది. దీనికి ముందు తిప్పి పంపిన బ్యాగు మూత వెల్‌క్రోది. రాజమండ్రిలో ఒక పెళ్లి. జీలకర్ర-బెల్లం ముహూర్తం, మంత్రాలు ఆగి భజంత్రీలు అందుకునే ముందు అర క్షణం నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు లెన్సు కోసం మూత లాగితే చర్రుమంది. పందిరంతా దాని వైపు చూసింది, పెళ్లికొడుకుతో సహా. చాలదన్నట్టు ఆ వెల్‌క్రో పెళ్లికూతురి మేనత్త పట్టుచీర జరీ అంచుని పట్టుకుని వదల్లేదు.

"అసలు ఈ బ్యాగులు ఎవరి కోసం చేస్తారక్కా?" అంది.

నాకు తెలిసింది చెప్పాను. ఇంగ్లండ్‌లో బిల్లింగ్‌హాం అనే కంపెనీ 1973లో చేపలు పట్టేవాళ్ల కోసం సంచులు కుట్టడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకి చూస్తే న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్లు వాటిని కొని కెమెరాలు పెట్టుకుంటున్నారు. అలా చేపల సంచీ కెమెరా సంచీ అయింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డోమ్కే, షాపుల్లో దొరికే గట్టి పెట్టెలతో విసిగిపోయి, మెత్తటి కాన్వాస్‌తో తన పనికి తగ్గట్టు బ్యాగు చేసుకున్నాడు. అదీ పెద్ద పేరైంది. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు చేసుకున్నారు. చేసినవాళ్ల ఒళ్లు మనలాంటిది కాదు, అంతే. ఛాతీ మీద అడ్డంగా వచ్చే పట్టీ మనకి ఎక్కడ పడుతుందో, వీపు పొడవు తక్కువైతే నడుం బెల్టు ఎక్కడికి జారుతుందో వాళ్లకి తట్టే అవసరం రాలేదు. ఈమధ్య ఆడవాళ్ల కోసమే హ్యాండ్‌బ్యాగుల్లా చేసే కంపెనీలు వచ్చాయి. కొన్ని అందం చూసుకుని నడుం సంగతి మర్చిపోతాయి.

హొమాయ్ వ్యారావాలా గురించీ చెప్పాను. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్, 1913లో పుట్టారు. 1940లలో ఢిల్లీ వీధుల్లో చీర కట్టుకుని, పెట్టెలాంటి స్పీడ్ గ్రాఫిక్ కెమెరా సరంజామాతో సైకిల్ తొక్కారు. 1947 ఆగస్టు 16న ఎర్రకోట మీద జెండా ఎగురుతుంటే ఆవిడ కెమెరా అక్కడుంది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చేనాటికి ఆవిడ కెమెరా వదిలేసి నలభై ఏళ్లు దాటింది. ఆవిడ ఫొటోల గురించి చదివినప్పుడల్లా నాకొకటే ఆలోచన, సైకిల్ మీద ఆ కొంగు, ఆ బరువు, ఆ హ్యాండిల్ అన్నీ ఎలా సర్దుకున్నారో.

చెల్లి నా సిలిండర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "అక్కా, దీనికి నడుం బెల్టు ఉండేది కదా? ఇక్కడ కత్తిరించిన గుర్తుంది."

దొరికిపోయాను. కొన్న ఏడాదే కత్తిరించేశాను. బెల్టు బిగిస్తే కుర్తీ ముడతలు పడి, నడుం దగ్గర ఉబ్బి, చూడ్డానికి బాగోలేదు. నాలుగు కిలోలకి పైగా బరువు నడుం ఎముకల మీదకి దించే బెల్టు అది. అప్పట్నించీ భుజాలే మోస్తున్నాయి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను కూడా. అందం గురించి చిన్నచూపు అని పైన రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మర్నాడు చీకటితోనే లేచి వలిసె పొలాలకి నడిచాం. మంచు గడ్డి మీద తెల్లగా పేరుకుంది. వెలుతురు రాగానే కొండ అడుగు నుంచి మా కాళ్లదాకా ఒకటే పసుపు. చలికి వేళ్లు వంగడం లేదు. గంటసేపు ఫొటోలు తీశాక రోడ్డు పక్క టీ కొట్టులోకి దూరాం. లోపల కట్టెల పొయ్యి, మరిగే నీళ్లు, ఆవిరి. చల్లటి లెన్సు ఆ వెచ్చటి తడిగాలి తగలగానే మసకబారి తెల్లబోయింది. చున్నీతో తుడవబోతే చెల్లిని ఆపాను. తుడిస్తే మళ్లీ పడుతుంది. కెమెరాని బయటే బ్యాగులో పెట్టి జిప్పు మూసి, బ్యాగుతో సహా లోపలికి తెచ్చి, అరగంటపాటు మెల్లగా వేడెక్కనివ్వాలి. జిప్పు పూర్తిగా మూసుకునే బ్యాగుకి ఇదొక పని. విశాఖలాంటి సముద్రపు ఊళ్లో ఇంకో పని కూడా ఉంది. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే లెన్సు లోపల బూజు పడుతుంది. తడిసిన బ్యాగులో కెమెరాని అలాగే ఉంచి అల్మారాలో పెట్టడమంటే బూజుని పిలిచి పీట వేయడమే. ఇంటికి రాగానే బ్యాగు ఖాళీ చేసి ఆరబెట్టాలి. సిలికా జెల్ పొట్లాలు నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చాలి.

ఆ రోజు సంత. కొండల మీద నుంచి జనం దిగి వస్తున్నారు. పసుపు కొమ్ములు, అల్లం, పిప్పళ్లు, రాజ్‌మా, అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్లు, సీతాఫలాల గంపలు. నేను బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని నడుస్తుంటే పిప్పళ్లమ్మే ఆమె తలెత్తి, "ఏ టీవీ అమ్మా?" అంది. ఆ మాటతో పక్కనున్న నలుగురూ సర్దుకు కూర్చున్నారు. ఒకామె మొహం తిప్పుకుంది, ఒకాయన లేచి నిలబడ్డాడు. కెమెరా ఇంకా బయటికి తీయనే లేదు, సంత అక్కడికక్కడే బిగుసుకుపోయింది. ఇన్నేళ్లుగా నేను వెళ్లిన ప్రతిచోటా ఇలాగే జరిగి ఉంటుందని, జనం స్వభావమే అంతని నేను అనుకుంటూ వచ్చానని అప్పుడు తట్టింది.

చెల్లి తెగిన బ్యాగు రెండు చెవుల్లోంచి చున్నీ దూర్చి భుజం మీద ముడేసుకుంది. అది నాలుగడుగులకొకసారి జారుతోంది. అల్లం గంప ముందు కూర్చున్న ఒకామె చాలాసేపు చూసి, నవ్వి, చెయ్యూపి దగ్గరికి పిలిచింది. ఆమె వీపున గుడ్డలో చంటివాడు నిద్రపోతున్నాడు, ఆమె రెండు చేతులూ అల్లం శుభ్రం చేస్తున్నాయి. తెలుగు అంతగా రాదు. మాటల్లేకుండానే చెల్లిని వెనక్కి తిప్పి, ముడి విప్పి, చున్నీని ఒక భుజం మీంచి ఎదర అడ్డంగా తెచ్చి, బ్యాగుని పైకి లాగి నడుం ఎముక మీద ఆనించి, మిగిలిన కొస నడుం చుట్టూ తిప్పి బిగించి కట్టింది. తట్టి చూసింది. చెల్లి వంగింది, లేచింది, గెంతింది. బ్యాగు కదల్లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు.

ఆ నవ్వుల్లోనే చెల్లి వాళ్ల మధ్య కూర్చుండిపోయింది. అల్లం కొంది. తలకి పెట్టుకున్న పిన్నుల గురించి సైగలతో అడిగింది. కెమెరా తీసి చూపించి, తియ్యనా అని కళ్లతో అడిగితే ఆమె చంటివాడి మొహం మీద గుడ్డ తొలగించి సరేనంది. ఒకామె వద్దంటే చెల్లి వెంటనే కెమెరా దించేసింది. తీసినవి వాళ్లకి చూపించింది. నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. దాని బ్యాగు సంతకొచ్చిన ఒక ఆడపిల్ల బ్యాగులా ఉంది. నాది సర్వే చేయడానికొచ్చిన ఆఫీసు బ్యాగులా ఉంది. అందమైన బ్యాగంటే పదకొండేళ్లుగా షోకు అనుకున్న నేను, ఆ షోకు చేసే పనిని మొదటిసారి కళ్లారా చూశాను. కెమెరా ఉందని అది చాటదు. ఆ గుణం మనిషికి దగ్గర చేస్తుంది, రద్దీ బస్సులో దొంగ కంటికి దూరం కూడా చేస్తుంది.

సంత చివర గొడుగులు, జిప్పులు, చెప్పులు బాగుచేసే తాత కూర్చున్నాడు. శృంగవరపుకోట నుంచి వస్తాడట. బ్యాగు చేతికివ్వగానే ఊడిన చోట వేలు పెట్టి చూసి, "ఏటమ్మా ఇది? బరువంతా ఒక్క కుట్టు మీద ఎట్టీసినారు!" అన్నాడు.

"గట్టి పట్టీ ఏమైనా ఉందా తాతా?"

"నవారుంది. మంచం నవారు. సోకుండదు గాని తెగదు."

నవారు! రెండంగుళాల వెడల్పు, నూలుది, భుజానికి కోసుకోదు, జారదు. పట్టీ సన్నగా ఉంటే అరగంటకే భుజంలో దిగుతుందని ఏ షాపులో అడిగినా చెప్తారు. దానికి మందు ప్రతి ఇంటి అటక మీదా చుట్టలు చుట్టి పడి ఉంది. తాత ఆరెతో బ్యాగు లోపలి గుడ్డదాకా తూట్లు పొడిచి, మైనం పూసిన దారంతో చదరంగా, మధ్యలో ఇంటూ గుర్తుగా కుట్టాడు. అల్లం అమ్మే ఆమె కట్టిన ముడిని కొలతగా చూపించాం. పైన భుజానికొకటి, వెనక నుంచి నడుం చుట్టూ తిరిగి రావడానికి ఇంకొకటి. తేనె రంగు బ్యాగుకి తెల్లటి నవారు, దాని మీద నీలం చార. అరగంట పట్టింది. అడిగింది ఎనభై రూపాయలు. చెల్లి వంద ఇస్తే, ఇరవైకి చెల్లగా నవారు ముక్కొకటి ఎక్కువ చుట్టి చేతిలో పెట్టాడు.

తిరుగు బండిలో చెల్లి కిటికీ పక్కన కూర్చుని అడిగింది, "ఇంతకీ లెక్క ఎంతక్కా? ఎవరు గెలిచారు?"

నేను కాగితం మడిచేశాను. మొదటి రోజు దాకా నా దగ్గర దానికివ్వాల్సిన సలహాల జాబితా ఒకటుండేది. రెండ్రోజులయ్యాక మిగిలినవి ఇవే. సామాను తూచుకో, తర్వాత బ్యాగు కొలుచుకో. ఖాళీ బ్యాగు సామానంత బరువుంటే వదిలేయ్. లోపలి గుడ్డ లేత రంగు చూడు. వెల్‌క్రో వద్దు. పట్టీ కుట్టుని గుంజి చూడు. నచ్చిన హ్యాండ్‌బ్యాగు ముందే ఉంటే లోపల పెట్టుకునే మెత్తటి గదుల పెట్టె విడిగా అమ్ముతారు, కొత్త బ్యాగే అక్కర్లేదు. కొన్నాక దాన్ని నింపి, చీరతో ఒకసారి, చుడీదార్‌తో ఒకసారి ఇంటి మెట్లెక్కి దిగు. ఆ పూట రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయా లేదా అన్నదొక్కటే చూడు.

"రంగు?" అంది.

"నీకు నచ్చినది" అన్నాను. రెండ్రోజుల ముందైతే నల్లది అనేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక పెళ్లి నుంచి చెల్లి ఫోన్ చేసింది. పెళ్లికూతురి తల్లి పక్కకి పిలిచి, "ఈ నవారు బ్యాగు ఎక్కడ కొన్నావమ్మా, మా అమ్మాయికి అమెరికా పంపిస్తాను" అని అడిగిందట.

ఆ మర్నాడు మా వీధి చివర బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. తాత ఇచ్చిన నవారు ముక్క ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నవారు తెచ్చిన్రు సరే, మంచమేదమ్మా?" అన్నాడు.

వీపు మీంచి సిలిండర్ దించి ఆయన ముందు పెట్టాను.